ఆటబొమ్మలతో భౌతికశాస్త్రము

(బౌరంపేటలో ఉపాధ్యాయులును, పౌరులును, విద్యార్థులును కూడిన సభయందు ఒక విశ్రాంత భౌతికశాస్త్రోపాధ్యాయుడు చేసిన ఉపన్యాసము)



ఉపన్యాసకుడు గ్రంథములు చేతబట్టుకొని సభకు వచ్చుట మర్యాద. నేను జేబులో ఒక సోడామూతయు, ఒక బొంగరమును, పిడికెడు అగ్గిపుల్లలును వేసికొని వచ్చితిని. ఇవి చూచి పిన్నలు నవ్వుచున్నారు, పెద్దలు సందేహించుచున్నారు. రెండును న్యాయమే. భౌతికశాస్త్రమును బోధించుటకు ఈ వస్తువులే చాలునా యని మీరడిగినచో చాలవనియే చెప్పెదను. అయినను వీనితో ఆరంభింపని బోధన మన బిడ్డల మనస్సులలో నిలువదని నా అనుభవము. ఆ అనుభవము నాకు గర్వకారణమైనది కాదు. దానిని ముందు చెప్పి, పిదప శాస్త్రమునకు వత్తును.

నేను ఉద్యోగమున ప్రవేశించిన తొలి సంవత్సరములలో ఒకనాడు ఎనిమిదవ తరగతికి శక్తిని గూర్చి పాఠము చెప్పుచుంటిని. శక్తి ఒక రూపమునుండి మరియొక రూపమునకు మారునే గాని నశింపదను నియమమును నల్లబల్లపై వ్రాసి, పిల్లలచే మూడు మారులు చదివించితిని. ఇంతలో వెనుక వరుసనుండి జుయ్యని ధ్వని వినవచ్చినది. ఒక బాలుడు సోడామూతను రాతితో పలుచగా కొట్టి, మేకుతో రెండు రంధ్రములు పొడిచి, దారమెక్కించి, రెండు చేతులతో లాగుచు వదలుచు దానిని త్రిప్పుచుండెను. నేను కోపముతో సమీపించితిని. వాడు వెరవక, "సార్, లాగుడు బంద్ జేసినంక గూడ అది ఉల్టా ఎట్ల తిరుగుతది?" అని అడిగెను. నేను దానిని వాని చేతినుండి లాగికొని కిటికీలోనుండి పారవైచి, నియమమును నాలుగవ మారు చదివించితిని.

మరుసటి సంవత్సరము ఆ బాలుడు బడికి రాలేదు. అది నా వలననే యని చెప్పజాలను; వాని ఇంట బీదతనము కూడ ఉండెను. కాని వాడడిగిన ప్రశ్నకు సమాధానము నేను బల్లపై వ్రాసిన నియమమే యని నాకు స్ఫురించుటకు ఏండ్లు పట్టినది. బల్లమీది వాక్యమును నేను ఎరుగుదును. వాడు దానిని ఎరుగకయే దాని పనిని కనిపెట్టెను. మా యిద్దరిలో ఆ దినమున భౌతికశాస్త్రమును అభ్యసించుచుండినవాడు వాడే.

ఇదిగో, ఆ ఆటవస్తువును మరల చూడుడు. దారమును మెలివేసి లాగినప్పుడు మెలిక విప్పుకొనుచు మూతను త్రిప్పును. మన కండరముల శ్రమ మూతయొక్క వేగమగుచున్నది. దీనినే గతిజశక్తి యందురు. మెలిక పూర్తిగ విప్పుకొనిన క్షణమున మనము చేతులు సడలింతుము. లాగుట ఆగినను మూత ఆగదు. తిరుగుచున్నది తిరుగుచునే యుండ యత్నించును గనుక, దారమును రెండవ దిక్కునకు మెలివేయును. వేగము మెలికలోనికి పోయి దాగును. మరల లాగిన యెడల ఆ మెలికయే మూతను వెనుకకు త్రిప్పును. ఒక్కొక్క లాగుడుతో మనము కొంత శక్తిని చేర్చుచున్నాము. గాలియు రాపిడియు కొంత హరించుచున్నవి. మనము వినుచున్న ఆ జుయ్యను ధ్వని కూడ ఆ వ్యయములోని భాగమే.

ఇది పిల్లల చేష్ట యని త్రోసివేయువారికి ఒక వృత్తాంతము. రక్తమును పరీక్షింపవలెనన్న, మొదట దానిలోని కణములను ద్రవమునుండి వేరుపరుపవలెను. అందుకు వైద్యశాలలందు విద్యుత్తుతో అతివేగముగ తిరుగు యంత్రము నుపయోగింతురు. విద్యుత్తు లేని పల్లెలో ఆ యంత్రము నిరర్థకము. 2017 జనవరిలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునందలి మను ప్రకాశ్ గారును వారి సహచరులును ఒక ఉపాయమును ప్రకటించిరి. కాగితపు బిళ్ళకు రెండు రంధ్రములు చేసి, దారమెక్కించి, చేతితో లాగుటయే ఆ ఉపాయము! దాని బరువు సుమారు 2 గ్రాములు. వెల 20 సెంట్లు. అది నిమిషమునకు 1,25,000 చుట్లవరకు తిరుగగలదని వారు కొలిచి చూపిరి. రక్తమునుండి ద్రవభాగము నిమిషమున్నరలో వేరుపడెను. ప్రకాశ్ గారు మన దేశమున పుట్టి, కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివినవారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను కిటికీలోనుండి పారవైచిన వస్తువు నా కన్నులయెదుటనే తిరుగుచుండెను.

ఇక బొంగరమును చూతము. నిశ్చలముగ నున్న బొంగరమును ములికిపై నిలుపుట ఎవనికిని సాధ్యము కాదు. తాడుచుట్టి విసరినచో అదియే నిటారుగ నిలుచును. ఏల? వడిగ తిరుగు వస్తువు తన ఇరుసుయొక్క దిక్కును సులభముగ విడువదు. భూమి దానిని పడద్రోయజూచును. అది పడుటకు బదులు తల యూపుచు మెల్లగ వలయముగ తిరుగును. ఇక్కడ పిల్లలచే ఒక సంగతి గమనింపజేయవలెను. బొంగరముయొక్క వడి తగ్గినకొలది ఆ తలయూపు తగ్గునా, హెచ్చునా? పదిమందిలో తొమ్మండుగురు తగ్గుననియే చెప్పుదురు. చూడగా అది హెచ్చును! ఊహకు విరుద్ధముగ కంటికి కనబడినది ఏ బిడ్డయు మరువదు.

ఈ తలయూపు మన పంచాంగమునందు కూడ కలదు. భూమియు ఒక బొంగరమే. సూర్యచంద్రుల ఆకర్షణచే దాని ఇరుసు సుమారు 26,000 సంవత్సరముల కొకమారు వలయము చుట్టివచ్చును. దానినే మన జ్యోతిష్కులు అయనచలనమనిరి. సూర్యుడు ఉత్తరమునకు మరలుట డిసెంబరు 21, 22 తేదీలలో జరుగుచుండగా, మనము మకరసంక్రాంతిని జనవరి 14, 15 తేదీలలో జరుపుకొనుచున్నాము. ఈ మూడు వారములకు పైబడిన వ్యత్యాసమునకు మూలము ఆ తలయూపే. పండుగనాడు పతంగి యెగురవేయు బాలునికి ఈ మాట చెప్పి చూడుడు. వాడు రాత్రివేళ ఆకాశమువంక చూచును.

బౌరంపేటనుండి తలయెత్తి చూచువారికి మరియొక సాక్ష్యము కలదు. మన పొరుగుననే దుండిగల్లులో 1971లో ఆరంభమైన వైమానికదళ శిక్షణాలయము ఉన్నది. ఆ విమానముల చప్పుడు వినగానే తరగతిలో పిల్లల తలలన్నియు కిటికీవైపు మరలును. ఉపాధ్యాయుడు బల్లను చరచును. చరచుటకు బదులు అతడు జేబులోని బొంగరమును తీయవలెను. మబ్బులలో నేల కనబడనప్పుడు విమానము వాలినదో నిటారుగ నున్నదో చోదకునికి ఎట్లు తెలియును? విమానములలో చిరకాలము ఆ పనిచేసినది వడిగ తిరుగు చక్రమే. 1852లో ఫూకో యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అట్టి చక్రముతో భూభ్రమణమును ప్రదర్శించి, దానికి గైరోస్కోపు అని పేరిడెను. ఇప్పటి విమానములలో పెక్కింటియందు కాంతికిరణములతోను, అతిసూక్ష్మ యంత్రములతోను పనిచేయు సాధనములు దాని స్థానము నాక్రమించినవి. అయినను దానికి మూలమైన భావము పిల్లవాని అరచేతిలో తిరుగుచునే యున్నది.

ఇక బొంగరముతో పరీక్ష చేయుట ఎట్లు? అట్టబిళ్ళ మధ్య అగ్గిపుల్ల గ్రుచ్చిన చిన్న బొంగరము చాలును. అట్టి రెండింటిని సమానముగ చేసి, ఒకదానిపై నాలుగు చింతపిక్కలను పుల్లకు దగ్గరగను, రెండవదానిపై నాలుగింటిని అంచునను అంటింపుడు. బరువు సమానమే. అంచున బరువున్నది త్రిప్పుటకు కష్టము. తిరిగిన పిదప ఆపుటకును కష్టము. బరువెంత యను ప్రశ్నతోపాటు బరువెక్కడ యను ప్రశ్నయు ముఖ్యమని బిడ్డ గ్రహించును. పై తరగతులలో జడత్వభ్రామకమను పెద్దమాట వచ్చినప్పుడు వానికి చింతపిక్కలు జ్ఞప్తికి వచ్చును.

అగ్గిపుల్లల సంగతి క్లుప్తముగ చెప్పెదను. సైకిలు వాల్వు రబ్బరుగొట్టమును చిన్న ముక్కలుగ కోసి, పుల్లల కొనలను వానిలో దూర్చి కలిపినచో ఆకృతులేర్పడును. నాలుగు పుల్లల చతురస్రము నొక్కగానే వంగిపోవును. మూడు పుల్లల త్రిభుజము వంగదు. చతురస్రమునకు ఒక కర్ణమును చేర్చినచో అదియు గట్టిపడును. నగరము పెరుగుచున్న మన పరిసరములలో మేడలు కట్టు క్రేనులను చూడుడు. వాని మేనంతయు త్రిభుజములే. ఆ క్రేను నీడలో పనిచేయు కూలివాని బిడ్డకు ఈ పాఠము చెప్పుటకు ఏ ప్రయోగశాల తాళము తీయవలెను?

ధ్వనికి కూడ ఇట్టి సాధనము కలదు. పానీయములు త్రాగు గొట్టముయొక్క ఒక కొనను నొక్కి, రెండు ప్రక్కల వాలుగ కత్తిరించి ఊదినచో అది బూరయగును. ఊదుచుండగనే రెండవ కొనను కత్తెరతో తునకలుగ కోయుచు పొండు. గొట్టము కురుచయైనకొలది స్వరము హెచ్చును. తరగతి యంతయు నవ్వును, నవ్వనిండు. విశాఖపట్టణమున బాల్యవిద్య నభ్యసించిన సి. వి. రామన్ గారు మన మృదంగమును చూచి, దాని నడుమ కరణియేల పూసిరని ప్రశ్నించుకొనిరి. సామాన్యమైన తోలువాద్యమునుండి శ్రుతిబద్ధమైన స్వరములు వెలువడవనియు, ఆ పూత బరువువలననే మృదంగమునకు ఆ గుణము కలిగెననియు 1920లో వ్యాసము ప్రకటించిరి. ఎల్లవారును చూచుచుండిన దానినే ఆయన ప్రశ్నించెను. ఆ ప్రశ్నించు గుణమును చంపకుండుట మనకు సాధ్యమైన పని.

అయితే ఆటబొమ్మను బల్లపైనుంచి ఉపాధ్యాయుడే ఆడించిన యెడల అది గారడీ యగునే గాని పాఠము కాజాలదు. నేను నా తప్పులనుండి నేర్చిన నియమములు మూడు. మొదటిది, బొమ్మను బిడ్డయే చేయవలెను. మొదట చేసినది తిరుగదు. ఏల తిరుగదో వెదకుటయందే సగము పాఠము కలదు. రెండవది, త్రిప్పుటకు ముందే ఏమి జరుగునో బిడ్డ ఊహించి, పలకమీద వ్రాయవలెను. ఊహ తప్పినచో శిక్షింపరాదు. తప్పిన ఊహనుండియే ప్రశ్న పుట్టును. మూడవది, ఒకమారు ఒక్కదానినే మార్చి కొలువవలెను. దారము పొడవును, బిళ్ళ పరిమాణమును ఒక్కమారే మార్చినవాడు దేనివలన ఏది జరిగెనో ఎరుగజాలడు. గడియారము లేకున్న చప్పట్లు లెక్కించుట చాలును.

ఇంకొక హెచ్చరిక ఉపాధ్యాయులకు చెప్పవలసియున్నది. బొమ్మ అబద్ధమాడదు, మన వివరణము అబద్ధమాడవచ్చును. పళ్ళెములోని నీటిలో కొవ్వొత్తిని నిలిపి గాజుగ్లాసు బోర్లించుట మీరందరు చూచియుందురు. దీప మారును, నీరు పైకెక్కును. గాలిలో అయిదవ పాలున్న ప్రాణవాయువు ఖర్చయినందున నీరు అంతమేరకు ఎక్కెనని పెక్కుచోట్ల బోధింతురు. నేనును బోధించితిని. ఒక కొవ్వొత్తికి బదులు మూడు వెలిగించి చూడుడు. అదే గ్లాసులో నీరు ఇంకను ఎక్కువ ఎక్కును. ప్రాణవాయువు మూడింతలయ్యెనా? వేడిమిచే గాలి వ్యాకోచించి కొంత బయటికి పోవుటయు, దీపమారగానే మిగిలినది చల్లబడి సంకోచించుటయు ఇందులకు ముఖ్యకారణము. కాగితపు విమానమును గూర్చియు ఇట్లే చెప్పుదురు. రెక్క పైభాగము వంపుగ నున్నదనియు, పైని పోవు గాలి క్రింది గాలితో సమానకాలమున వెనుక అంచునకు చేరవలెననియు, అందుచే విమానము లేచుననియు పాఠములు కలవు. గాలికి అట్టి నిర్బంధమేదియు లేదు. పిల్లవాని కాగితపు విమానమునకు రెక్కలు చదునైనవే, అయినను ఎగురును. రెక్క గాలిని క్రిందికి నెట్టును, గాలి రెక్కను మీదికి నెట్టును. తెలియనిచోట "నాకు తెలియదు, కలిసి చూతము" అని చెప్పగల గురువే శాస్త్రగురువు.

ఈ మార్గము నేను కనిపెట్టినది కాదు. 1972లో మధ్యప్రదేశమునందలి హోషంగాబాదు జిల్లాలో 16 పాఠశాలలలో కొందరు ఉత్సాహులు చేతితో చేసి నేర్చుకొను విజ్ఞానవిద్యను ఆరంభించిరి. ప్రభుత్వము అందులకు తోడ్పడినది. అది వందలాది పాఠశాలలకు వ్యాపించి, 30 ఏండ్లు నడచి, 2002లో ప్రభుత్వ నిర్ణయముచే నిలిచిపోయినది. అగ్గిపుల్లల ఆకృతులను, చెత్తనుండి చేయు బొమ్మలను దేశమంతట వ్యాపింపజేసిన అరవింద గుప్తా గారు 1978లో ఆ ఉద్యమమునందు పాల్గొనినవారే. వారికి 2018లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. మన తెలుగుదేశమున కుప్పము సమీపమున అగస్త్య సంస్థ విస్తారమైన విజ్ఞానక్షేత్రమును నెలకొల్పినది. 1999లో స్థాపితమైన ఆ సంస్థ ప్రయోగసామగ్రిని బండ్లలో నింపి పల్లెబడుల ముంగిటికి పంపుచున్నది. కావున ఇది కలలోని మాట కాదు.

ఆక్షేపణలు కలవు, వానిని దాటిపోరాదు. ఆటలవలన క్రమశిక్షణ చెడునని కొందరందురు. నలుబది మంది బిడ్డలు ఒక్కమారు బూరలూదిన యెడల ప్రక్కతరగతి గురువుగారికి కోపము రాకుండునా? వచ్చును. ఆ పాఠమును చెట్టుక్రింద చెప్పుకొనుడు. పరీక్షల గతియేమని మరికొందరు అడుగుదురు. ఇది బలమైన ఆక్షేపణ. హోషంగాబాదువారు దానికి సమాధానముగ పరీక్షనే మార్చిరి. విద్యార్థి పుస్తకము తెరచి చూచుకొనవచ్చును, ప్రయోగమును మాత్రము తానే చేసి చూపవలెను. ప్రశ్నపత్రము మారనిదే బోధన మారదను సత్యమును వారు గ్రహించిరి. మనవారు ఇంకను పూర్తిగ గ్రహింపవలసియున్నది.

మూడవ ఆక్షేపణ నా మనస్సును నిజముగ నొప్పించునది. "బీదబడులకు సోడామూతలు, ధనికుల బడులకు ప్రయోగశాలలు, ఇదియేనా మీ శాస్త్రము?" అని ఒక తల్లి నన్నడిగెను. అమ్మా, నీ ప్రశ్న న్యాయమైనది. సోడామూతను చూపి ప్రయోగశాలను ఎగవేయువారు బిడ్డలకు ద్రోహము చేయుచున్నారు. ప్రతి ప్రభుత్వ పాఠశాలకును సూక్ష్మదర్శినియు, తూనికయు, కటకములును రావలెను. వచ్చినవి బీరువాలో తాళమువేసి పూజింపక పిల్లల చేతికీయవలెను. పగిలినచో పగులనిండు. 2016లో ఏర్పడిన మన మేడ్చల్ జిల్లాలో, ఒకే బాటపై, లక్షలు శుల్కము గైకొను బడియు, సుద్దముక్కకు వెదకు బడియు ఉన్నవి. కాని వింత యేమన, ధనికుల బిడ్డలకును ఆ మూత కావలసియే యున్నది. పెట్టెలో కొనితెచ్చిన సామగ్రి ముక్కలు ఒకే విధముగ అతుకును, ఒకే విధముగ తిరుగును. తప్పిపోవు అవకాశము లేని చోట నేర్చుకొను అవకాశమును స్వల్పమే.

మన బొమ్మల పనివారిని కూడ ఈ సందర్భమున స్మరింపవలెను. వరాహనదీతీరమునందలి ఏటికొప్పాకలో అంకుడుకర్రను తిరుగుడు యంత్రముపై త్రిప్పుచు లక్కకడ్డీని ఆనింతురు. రాపిడివలన పుట్టిన వేడిమికి లక్క కరగి కర్ర నంటుకొనును. శక్తి రూపము మార్చుకొనుట యన్న ఇంతకంటె రంగైన ఉదాహరణము ఏ పుస్తకమున కలదు? ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. నిర్మల, కొండపల్లి బొమ్మలు తేలికయైన పొనికికర్రతో చేయుదురు. ఒకే కొలత గల పొనికిముక్కను, తుమ్మముక్కను నీటిలో వేసి చూపుడు. సాంద్రతను గూర్చి వేరే చెప్పనక్కరలేదు. ఆ పనివారిని సంవత్సరమున కొకమారైనను బడికి పిలిచి, గురువుపీఠముపై కూర్చుండబెట్టుడు. చేతిపని తెలిసినవాడు శాస్త్రమునకు పరాయివాడు కాడని బిడ్డలు కన్నులార చూడవలెను.

పౌరులారా, మీరు చేయదగిన పని స్వల్పము. ప్రతి పఠనాలయమునను ఒక మూల ఒక పెట్టె నుంచుడు. ఆ పెట్టెలో దారము, అట్టలు, అగ్గిపుల్లలు, పాత సీసామూతలు, ఒక కత్తెర, ఒక కొలబద్ద యుండవలెను. ఆదివారమునాడు ఒక గంటసేపు పెద్ద యొకడు ప్రక్కన కూర్చుండవలెను. వానికి శాస్త్రము రాకున్నను లోపము లేదు. బిడ్డ ప్రశ్నించినప్పుడు నోరు మూయింపకున్న చాలును. ఉపాధ్యాయులారా, పిల్లల చేతినుండి వస్తువును లాగికొనుటకు ముందు ఒక్క క్షణమాగి, అదేమి చేయుచున్నదో చూడుడు.

నా బాలుడు ఎక్కడనున్నాడో ఎరుగను. ఇప్పటికి వానికి బిడ్డలుండవచ్చును; వారిలో ఒకరు ఈ సభయందే కూర్చుండియుండవచ్చును. వానికి ఈయవలసిన సమాధానమును ఆలస్యముగనైనను మీ యెదుట చెప్పితిని. ఈ సోడామూతను ఇక్కడ బల్లపై నుంచుచున్నాను. పిన్నలలో ఎవరు ముందు వచ్చిన వారు తీసికొనవచ్చును. అయితే ఒక నిబంధన కలదు. త్రిప్పుటకు ముందు, లాగుట ఆపిన పిదప ఏమి జరుగునో నాకు చెప్పవలెను.